మా వీధికి 30 అడిగితే 50 సరిపోతుందన్నారు. స్పీడ్ లిమిట్ అసలు ఎలా నిర్ణయిస్తారు?

గేటుపక్కిల్లు:
అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా కాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

మా ఇంటి ముందు రోడ్డు 600 మీటర్లు తిన్నగా, బల్లపరుపుగా ఉంటుంది. ఒక చివర బడి, ఇంకో చివర బస్టాపు. మధ్యలో మలుపు లేదు, జీబ్రా క్రాసింగూ లేదు. లిమిట్ 50. కిందటి నెల బడి నుంచి వస్తున్న పాపను ఒక కారు రాసుకుంటూ పోయింది. మోచెయ్యి విరిగింది. ప్రాణం దక్కింది, అదే చాలనుకున్నాం. కానీ ఆ రోజు నుంచి సాయంత్రమైతే చాలు, నాకు టెన్షన్ మొదలవుతుంది. గేటు దగ్గరే నిలబడి ఉంటున్నాను.

వీధిలో అందరం సంతకాలు పెట్టి, లిమిట్ 30కి తగ్గించమని అర్జీ ఇచ్చాం. వాళ్లు వచ్చి రోడ్డుకు అడ్డంగా రెండు రబ్బరు గొట్టాలు పరిచి, వారం తర్వాత తీసుకెళ్లారు. నిన్న జవాబు వచ్చింది: "85వ పర్సంటైల్ వేగం 51గా నమోదైంది. ప్రస్తుత పరిమితి తగినదే. మార్పు అవసరం లేదు."

వేగంగా పోతున్నారని మేం ఫిర్యాదు చేస్తే, నిజమే, వేగంగానే పోతున్నారు కాబట్టి లిమిట్ అలాగే ఉంచుతామన్నట్టుగా ఉంది. నాకు అర్థం కాలేదా, లేక అసలు పద్ధతే ఇంతా?

రబ్బరుగొట్టం:
మీకు సరిగ్గానే అర్థమైందండి. నేను ఇరవై ఏళ్లకు పైగా ట్రాఫిక్ సర్వేల్లో పనిచేశాను, అలాంటి గొట్టాలు ఎన్ని పరిచానో లెక్కలేదు. కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

చక్రం గొట్టం మీదికి ఎక్కగానే లోపలి గాలి ఒత్తుకుని, పక్కనున్న పెట్టెలో నమోదవుతుంది. రెండు గొట్టాల మధ్య దూరం ముందే తెలుసు కనుక, మొదటిది దాటాక రెండోది దాటడానికి పట్టిన సమయాన్ని బట్టి వేగం వస్తుంది. వంద బండ్ల వేగాలు తక్కువ నుంచి ఎక్కువకు వరసగా రాస్తే 85వ బండి వేగమే ఆ 85వ పర్సంటైల్. మీ రోడ్డు మీద వందలో 85 బండ్లు 51 లేదా అంతకన్నా తక్కువలో పోతున్నాయి. మిగతా 15 అంతకన్నా వేగం.

ఈ పద్ధతి అమెరికాలో పుట్టి పెరిగింది. దాని వెనక ఉన్న నమ్మకం ఇదీ: ఎక్కువ మంది డ్రైవర్లు తెలివిగలవాళ్లే, రోడ్డును చూసి తగిన వేగం వాళ్లే ఎంచుకుంటారు, అత్యధికులను నేరస్థులను చేసే లిమిట్ పెడితే దానికి ఎవరూ విలువ ఇవ్వరు. దీనికి తోడు 1964లో డేవిడ్ సోలమన్ అనే ఆయన అధ్యయనం వచ్చింది. సగటు కంటే బాగా వేగంగా పోయేవాళ్లూ, బాగా నెమ్మదిగా పోయేవాళ్లూ ఎక్కువగా ప్రమాదాల్లో పడుతున్నారని అందులో తేలింది. అందరూ దాదాపు ఒకే వేగంలో పోతే మంచిదనే వాదనకు అది పెద్ద బలమైంది.

కానీ ఆయన చూసినవి ఊళ్ల బయటి హైవేలు. అక్కడ బండికీ బండికీ మధ్య తేడానే సమస్య. మీ వీధిలో సమస్య బండికీ మనిషికీ మధ్య. గొట్టం చక్రాలను మాత్రమే లెక్కపెడుతుంది. దాటడానికి ఐదు నిమిషాలు నిలబడిన మనిషి దాని లెక్కలోకి రాడు. భయపడి నడక మానేసిన వాళ్లు అసలే రారు. ఈ మాట నేను ఉద్యోగంలో ఉండగా గట్టిగా అనలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అమెరికాలోనే ఇప్పుడు గాలి మారింది. ట్రాఫిక్ బోర్డులకూ సిగ్నళ్లకూ వాళ్లు ప్రామాణికంగా వాడే మాన్యువల్ 11వ ఎడిషన్ 2023 డిసెంబరులో వచ్చింది. ఊళ్లలోని రోడ్లకు 85వ పర్సంటైల్ ఒక్కటే చూస్తే చాలదు, నడిచేవాళ్లు, సైకిళ్లు, చుట్టూ ఉన్న ఇళ్లూ స్కూళ్లూ, జరిగిన ప్రమాదాలు అన్నీ చూడాలని అందులో ఉంది.

మీరు ముందు ఒక పని చేయండి. గంటగంటకూ ఎంత వేగం వచ్చిందో చూపే పట్టిక అడగండి. వారమంతటికీ కలిపి ఒక్క అంకె ఇస్తే అందులో చాలా విషయాలు దాక్కుంటాయి.

రోజూ_స్టీరింగ్:
కోపగించుకోకండి, డ్రైవర్ వైపు నుంచి ఒక మాట. రోడ్డు వెడల్పుగా, తిన్నగా ఉండి, పక్కన 30 అని బోర్డు ఉంటే కాలు దానంతటదే కిందికి నొక్కుకుంటుంది. నేను రోడ్డును వదిలేసి మీటరు ముల్లును చూడాల్సి వస్తుంది. అది మాత్రం మంచిదా? పైగా ఎక్కడ పడితే అక్కడ 30 పెట్టేస్తే, నిజంగా ప్రమాదమున్న చోట పెట్టిన 30ని కూడా ఎవరూ పట్టించుకోరు. నేను పిల్లలకు వ్యతిరేకిని కాదు. అంకె మార్చినంత మాత్రాన పని జరుగుతుందా అన్నదే నా సందేహం.

నాలుగడుగులు:
మీ సందేహం సరైనదే, దానికి తర్వాత వద్దాం. ముందు ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంతో చూద్దాం. చాలామంది 50కీ 30కీ తేడా 20 మాత్రమే అనుకుంటారు.

50లో పోయే బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. 30లో అయితే 8 మీటర్ల పైచిలుకు. ఎదురుగా పిల్లాడు కనబడ్డాక కాలు బ్రేకు మీదికి రావడానికి చురుకైన డ్రైవర్‌కు ఒక సెకను అనుకుందాం. పొడి రోడ్డు, మంచి బ్రేకులు. 30లో ఉన్న బండి ఆ సెకనులో 8.3 మీటర్లు, బ్రేకు పడ్డాక మరో 5 మీటర్లు పోయి, మొత్తం 13.3 మీటర్ల దగ్గర ఆగిపోతుంది.

అదే 13.3 మీటర్ల దగ్గర 50లో ఉన్న బండి పరిస్థితి ఏమిటి? ఇంకా బ్రేకే పడలేదు. ఆ సెకను ఇంకా పూర్తి కాలేదు. పిల్లాడు పదమూడున్నర మీటర్ల దూరంలో ఉంటే, మొదటి బండి వాడి ముందు ఆగుతుంది. రెండోది పూర్తి 50 వేగంతో తగులుతుంది. తగిలాక దెబ్బ తీవ్రత కూడా వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 30 నుంచి 60కి పోతే శక్తి నాలుగింతలు.

స్వీడన్ పార్లమెంటు 1997లో 'విజన్ జీరో' విధానాన్ని ఆమోదించినప్పుడు ఆలోచన ఇక్కడి నుంచే మొదలైంది. ఎంత వేగంలో పోవడానికి డ్రైవర్లు ఇష్టపడుతున్నారని కాకుండా, మనిషి ఒళ్లు ఎంత దెబ్బ తట్టుకోగలదని అడిగారు. బండ్లూ మనుషులూ కలిసి తిరిగే చోట 30 అని జవాబు వచ్చింది. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ మంత్రుల సమావేశం కూడా అలాంటి చోట్ల 30 మించకూడదనే ప్రకటించింది.

రోజూ_స్టీరింగ్:
బ్రేకే పడలేదన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇన్నేళ్లుగా నడుపుతున్నాను, ఎప్పుడూ ఇలా లెక్క వేసుకోలేదు. అయినా నా ప్రశ్న నాకుంది. బోర్డు పెడితే ఆ 51 తగ్గుతుందా?

మెల్లగా_దాటుతా:
నాకు డెబ్బై ఒకటి. చేతికర్రతో నడుస్తాను. లెక్కల మాస్టారుగా చేశాను కనుక నా లెక్క ఒకటి రాస్తున్నాను.

ఏడు మీటర్ల రోడ్డు దాటడానికి నాకు తొమ్మిది సెకన్లు పడుతుంది. ఆ తొమ్మిది సెకన్లలో 50లో వచ్చే బండి 125 మీటర్లు వచ్చేస్తుంది, 30లో వచ్చేది 75 మీటర్లు. అంటే 50 లిమిట్ ఉన్న వీధిలో నేను అడుగు వేయాలంటే రెండు వైపులా 125 మీటర్లు ఖాళీగా ఉండాలి. అంత దూరంలో వచ్చేది నిలబడి ఉందో, వస్తోందో, ఎంత వేగంగా వస్తోందో ఈ కళ్లు పోల్చుకోలేవు. 75 అయితే పోల్చుకుంటాను.

వీధి దాటితే నా స్నేహితుడి ఇల్లు. వారానికి ఒకసారి వెళ్తున్నాను. ఇదివరకు రోజూ వెళ్లేవాణ్ని.

చట్టంపేజీ:
అసలు ప్రశ్న "ఎలా నిర్ణయిస్తారు" కదా. ఎలా అన్నదాని కంటే ముందు, ఎవరు అన్నది తేల్చుకోవాలి. అర్జీలు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే.

దాదాపు ప్రతి దేశంలోనూ రెండు అంతస్తులుంటాయి. పై ప్రభుత్వం చట్టంతో ఒక సాధారణ లిమిట్ పెడుతుంది, బోర్డు లేని చోట కూడా అది వర్తిస్తుంది. దాన్ని ఒక ఫలానా రోడ్డుకు మార్చే అధికారం, కొన్ని షరతులతో, కింది సంస్థకు ఉంటుంది. భారత మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 112 ఇలాంటిదే: గరిష్ఠ వేగం కేంద్రం నిర్ణయిస్తుంది, ప్రజల భద్రత కోసమో రోడ్డు స్వభావం వల్లనో దాన్ని ఇంకా తగ్గించాలంటే రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన సంస్థ గానీ నోటిఫికేషన్ ఇచ్చి, బోర్డులు పెట్టాలి.

షరతులు ఎంత బిగుతుగా ఉంటే స్థానిక సంస్థల చేతులు అంతగా కట్టేసినట్టు. న్యూయార్క్ అంత పెద్ద నగరం కూడా సాధారణ లిమిట్‌ను గంటకు 30 మైళ్ల నుంచి 25కి తగ్గించాలంటే రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాల్సి వచ్చింది. 2014 నవంబరులో గానీ అది అమలు కాలేదు. జర్మనీలో మెయిన్ రోడ్ల మీద 30 పెట్టాలంటే అక్కడ ప్రత్యేకమైన ప్రమాదం ఉందని పురపాలిక నిరూపించుకోవాల్సి వచ్చేది. నిర్ణయాధికారం మాకివ్వండని వెయ్యికి పైగా పురపాలికలు కలిసి అడిగాయి. 2024లో చట్టం కొంత సడలింది.

స్పెయిన్ దీన్ని పూర్తిగా తిరగేసింది. 2021 మే 11 నుంచి ఊళ్లలో ఒక్కో దిశకు ఒకే లేన్ ఉన్న రోడ్లన్నిటికీ 30, ఫుట్‌పాత్ వేరుగా లేకుండా ఒకే మట్టంలో ఉన్న వీధులకు 20, రెండు అంతకు మించి లేన్లుంటే 50. కొలతలూ పర్సంటైల్ వాదనలూ ఒక్కో వీధికి అక్కర్లేదు, లేన్లు లెక్కపెడితే చాలు. నాకు వ్యక్తిగతంగా ఇదే న్యాయంగా తోస్తుంది. ఎందుకంటే అర్జీ రాయగలిగిన వాళ్ల వీధికే కాకుండా, రాయలేని వాళ్ల వీధికి కూడా అదే రక్షణ దొరుకుతుంది.

ఇంకొకటి. ఉత్తర్వు లేకుండా ఎవరో ఉత్సాహంగా బోర్డు పాతేస్తే దాని మీద వేసిన జరిమానా కోర్టులో నిలవడం కష్టం. సాధారణంగా క్రమం ఇలా ఉంటుంది: పరిశీలన, పోలీసులతోనూ బస్సుల వాళ్లతోనూ సంప్రదింపు, ముసాయిదా ప్రకటన, అభ్యంతరాలకు గడువు, ఆ తర్వాతే తుది ఉత్తర్వు, బోర్డు. గేటుపక్కిల్లు గారూ, మీ రోడ్డు స్థానిక సంస్థదో, పై ప్రభుత్వ శాఖదో కనుక్కున్నారా?

ఇద్దరుపిల్లలతల్లి:
మా దగ్గర బడి వేళల్లో మాత్రమే తక్కువ లిమిట్ పెట్టారు. పసుపు దీపాలు వెలిగినంతసేపే అది వర్తిస్తుంది. డ్రైవర్లు కూడా పెద్దగా గొడవ చేయలేదు. రోజంతా 30 ఇవ్వమంటే కాదంటారు, అది అడిగితే ఒప్పుకుంటారేమో చూడండి.

గేటుపక్కిల్లు:
ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. మెల్లగా_దాటుతా గారూ, మీ పోస్టు మా వీధిలో అందరికీ చదివి వినిపించాను.

రోడ్డు స్థానిక సంస్థదేనండి, కనుక్కున్నాను. రబ్బరుగొట్టం గారు చెప్పిన గంటల పట్టిక కూడా అడిగితే ఇచ్చారు. అందులో నేను అనుకున్నదానికి పూర్తి విరుద్ధంగా ఉంది. బడి వదిలే మూడున్నరకు వేగాలు వారంలోకెల్లా తక్కువ! అప్పుడు పిల్లల్ని తీసుకెళ్లే బండ్లతో రోడ్డు నిండిపోయి ఎవరూ కదలలేరు. నాలుగున్నర దాటాక రోడ్డు ఖాళీ అవుతుంది, వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. పాపకు దెబ్బ తగిలింది నాలుగూ నలభైకి. ఆటల పీరియడ్ అయ్యాక ఒంటరిగా వస్తోంది. బడి వేళల లిమిట్ ఉన్నా అప్పటికి దీపాలు ఆరిపోయి ఉండేవి.

నేను కూడా ఇన్నాళ్లూ గేటు దగ్గర మూడున్నరకే నిలబడి నాలుగింటికల్లా లోపలికి వచ్చేస్తున్నాను. అది తలుచుకుంటే ఒళ్లు జలదరించింది.

రబ్బరుగొట్టం:
మంచి పని చేశారమ్మా. ఆ ఒక్క వరసే మీ అర్జీకి బలం. ఇంకో విషయం కూడా చూడండి: గొట్టాలు పరిచింది ఎక్కడ? బస్టాపు పక్కనైతే బండ్లు అక్కడ ఎలాగూ నెమ్మదిస్తాయి. ముందు బండి తోకపట్టుకుని పోయేవాటిని వదిలేసి, స్వేచ్ఛగా పోయే వాటినే లెక్కించారా అన్నది కూడా అడగాలి.

గీతలుగీస్తా:
వీధుల డిజైన్ నా పని. రోజూ_స్టీరింగ్ గారి ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత నాది అనుకుంటున్నాను.

బోర్డు ఒక్కటే పెడితే ఏమీ జరగదన్నది నిజం కాదు. వేల్స్‌లో 2023 సెప్టెంబరు 17 నుంచి ఇళ్ల మధ్య రోడ్లకు సాధారణ లిమిట్ 30 మైళ్ల నుంచి 20 మైళ్లకు, అంటే దాదాపు 32 కిలోమీటర్లకు తగ్గించారు. చాలా చోట్ల బోర్డులు తప్ప రోడ్డులో మార్పేమీ లేదు. అయినా కొలిచిన మెయిన్ రోడ్ల మీద సగటు వేగం దాదాపు 4 మైళ్లు తగ్గింది. అలాగని 20కి దిగలేదు. పైగా వ్యతిరేకత కూడా చాలా వచ్చింది, రద్దు చేయమన్న పిటిషన్ మీద నాలుగున్నర లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. 2024లో మార్గదర్శకాలు మార్చి, ఏ రోడ్లను తిరిగి 30 మైళ్లకు పెంచాలో స్థానిక సంస్థలు మళ్లీ పరిశీలించే వీలిచ్చారు. నా ఉద్దేశంలో అక్కడ ఇబ్బంది పెట్టింది వెడల్పాటి, ఇళ్లు లేని రోడ్లు కూడా ఆ వలలో పడటమే. డ్రైవర్‌కు కంటికి కారణం కనబడకపోతే కోపం వస్తుంది.

అందుకే రోడ్డే వేగం చెప్పాలి. లేన్ సన్నబడితే కాలు వెనక్కి వస్తుంది. 600 మీటర్లు తిన్నగా ఉంటే చూపు చివరిదాకా పోతుంది, చూపు వెంట బండి పోతుంది. మధ్యలో ఒకటి రెండు చోట్ల ఫుట్‌పాత్‌ను రోడ్డులోకి ముందుకు తెచ్చి, చెట్టు పెట్టి, ఆ చూపును ఆపాలి. అప్పుడు దాటాల్సిన దూరం కూడా తగ్గుతుంది. అక్కడే జీబ్రా క్రాసింగ్‌ను ఫుట్‌పాత్ ఎత్తుకు లేపితే నడిచేవాళ్లు రోడ్డులోకి దిగాల్సిన పనే ఉండదు, బండే మనుషుల మట్టానికి ఎక్కి దిగుతుంది. ఇలాంటివి కట్టాక మళ్లీ గొట్టాలు పరిస్తే ఆ 85వ పర్సంటైలే దిగివస్తుంది. మీకు "కుదరదు" అని చెప్పిన అంకే రేపు మీ వైపు మాట్లాడుతుంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. జర్మనీలో బుక్స్‌టెహూడె అనే చిన్న పట్టణంలో 1983లోనే 30 జోన్ ప్రయోగం మొదలైంది. ఆస్ట్రియాలో గ్రాజ్ నగరం 1992లో ప్రధాన రహదారులు మినహా ఊరంతటికీ 30 పెట్టింది.

సైరన్‌బండి:
అంబులెన్స్ నడుపుతాను. దయచేసి అందరూ స్పీడ్ బ్రేకర్లు అడగకండి, ముఖ్యంగా ఇష్టమొచ్చినట్టు పోసే ఎత్తు దిమ్మెలు. వెన్నెముక విరిగిన మనిషిని వెనక పడుకోబెట్టుకుని అలాంటి దిమ్మె ఎక్కినప్పుడు వచ్చే అరుపు నాకు నిద్రలో కూడా వినబడుతుంది. 30కి నేను వ్యతిరేకం కాదు, గుద్దుకున్నవాళ్లను ఎత్తేది కూడా మేమే.

గీతలుగీస్తా:
మీ మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటున్నాను. దీని మీద బ్రిటన్‌లో 1973లోనే పరిశోధన జరిగింది. దాదాపు 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో గుండ్రని వంపు ఉండాలని అప్పుడు తేల్చారు. పొడవు ఉంటేనే నెమ్మదిగా పోయేవాడికి కుదుపు లేకుండా, వేగంగా పోయేవాడికి మాత్రమే తెలుస్తుంది. ఆ పొడవును అర మీటరుకు కుదించేస్తే అందరికీ నడుము విరగడమే. అంబులెన్సులూ బస్సులూ వెళ్లే దారిలో రోడ్డంతా అడ్డంగా కాకుండా విడివిడి దిండ్లలా కట్టే పద్ధతి ఉంది, చక్రాల మధ్య వెడల్పు ఎక్కువున్న బండి వాటికి ఇరువైపులా చక్రాలు పెట్టి పోగలదు, కారు మాత్రం ఎక్కాల్సిందే. మీ సర్వీసును ముందే అడిగి కట్టాలి. అడగకుండా కట్టడం తప్పు.

రోజూ_స్టీరింగ్:
నిన్న రాత్రి నేను కూడా లెక్క వేశాను. 600 మీటర్లు 50లో పోతే 43 సెకన్లు, 30లో పోతే 72. తేడా 29 సెకన్లు. చివర బస్టాపు దగ్గర ఆగితే అందులో సగం ఎలాగూ పోతుంది. 29 సెకన్ల కోసం ఇంత వాదించానా అనిపించింది. రోడ్డును మార్చి ఆ తర్వాత 30 పెడితే నా వైపు నుంచి అభ్యంతరం లేదు. అవసరమైతే డ్రైవర్‌గా నేను కూడా మీ అర్జీకి మద్దతు రాసిస్తాను.

గేటుపక్కిల్లు:
చాలా థాంక్సండి. కొత్త అర్జీ రాశాను. 30తో పాటు బడి వైపు ఎత్తు జీబ్రా, మధ్యలో రోడ్డు సన్నం చేయడం, నాలుగున్నర నుంచి ఆరు వరకు విడిగా వేగాల పరిశీలన అడిగాను. దిమ్మెలు వద్దని, ఏం కట్టినా అంబులెన్స్ సర్వీసును అడిగే కట్టాలని కూడా రాశాను. ఇంకేమైనా వదిలేశానా?

రబ్బరుగొట్టం:
ఒకటి వదిలేశారు. పని అయ్యాక అదే చోట, అదే రోజుల్లో మళ్లీ కొలవాలని రాయండి. సెలవుల్లో కొలిస్తే లెక్క తప్పుతుంది. 85వ పర్సంటైల్‌తో పాటు సగటు వేగం కూడా ఇమ్మనండి. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణం తీసే ప్రమాదం ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కాబట్టి 51 కాస్తా 45 అయినా "30 రాలేదు కదా" అని నిరాశపడకండి, తీసిపారేయనివ్వకండి.

మెల్లగా_దాటుతా:
ఎత్తు జీబ్రా కట్టేచోట ఒక బెంచీ కూడా అడగమ్మా. నాలాంటి వాళ్లు దాటే ముందు కాసేపు కూర్చోవాలి.

గేటుపక్కిల్లు:
బెంచీ చేర్చానండి, మొదటి పేజీలోనే.

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఇంజనీర్ గారు స్వయంగా వచ్చారు. నాలుగున్నరకు రమ్మని నేనే అడిగాను, ఆరు దాటేదాకా మాతోపాటే నిలబడ్డారు. పాప కూడా అక్కడే ఉంది, చేతికి కట్టు తీసేశారు. వెళ్లేటప్పుడు రెండు చోట్ల సుద్దతో గుర్తులు పెట్టించారు, ఒకటి మా గేటుకు ఎదురుగానే.

నిన్న ముసాయిదా నోటీసు స్తంభానికి అంటించారు. అభ్యంతరాలకు మూడు వారాల గడువు. అప్పుడే ఒకటి వచ్చింది. రోడ్డు సన్నం చేస్తే తన ఇంటి ముందు బండి నిలుపుకునే చోటు పోతుందని ఆ చివరి ఇంటాయన రాశారు. ఆయన కూడా మొదటి అర్జీలో సంతకం పెట్టినవారే. గీతలుగీస్తా గారూ, సుద్ద గుర్తు నుంచి ఆయన గేటుకు పదకొండు మీటర్లుంది. గుర్తును బడి వైపు ఎంతవరకు జరపొచ్చో చెప్పగలరా? ఆదివారం ఆయన్ని కలవబోతున్నాను.